పికాసో పద్ధతిలో పది పళ్ళేల ఎడిషన్ చేయడం ఎలా?

1946 వేసవిలో పికాసో ఫ్రాన్స్ దక్షిణాన వల్లోరిస్ అనే కుమ్మరుల ఊళ్ళో ప్రదర్శన చూడటానికి వెళ్ళి, జార్జ్, సుజాన్ రామ్యే దంపతుల మదూరా కార్ఖానాలో మట్టి పట్టుకున్నాడు. 1947 నుంచి 1971 దాకా అక్కడే 633 రకాల ఎడిషన్లు (ఒకే నమూనాకు లెక్క పెట్టి తీసిన ప్రతులు) తయారయ్యాయి. ఒక్కో రకం 25 నుంచి 500 ప్రతుల వరకు తీశారు. వాటిలో కొన్ని ఆయన చేసిన ముక్కను చూసి కార్ఖానా పనివాళ్ళు చేతితో చేసిన నకళ్ళు. మరికొన్నింటికి ఆయనే స్వయంగా అచ్చు చెక్కాడు, దాని మీద పచ్చిమట్టి అదిమి ప్రతులు తీశారు. మ్యూజియం వివరాల్లో ‘ఆంప్రాంత్ ఒరిజినాల్ ద పికాసో’ (పికాసో అసలు అచ్చు) అని ముద్ర ఉందంటే అది ఈ రెండో రకం. ఇక్కడ చెప్పేది ఆ అచ్చు పనే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ నుంచి వచ్చిన సెవ్రే, డ్రెస్డెన్ పింగాణీకి అలవాటైన కంటికి ఈ పళ్ళేలు మోటుగా అనిపిస్తాయి. పింగాణీ మట్టి వేరు, కాల్పు వేరు. ఇది తక్కువ వేడిలో కాలే మామూలు మట్టి కాబట్టి మన కుమ్మరి దగ్గర దొరికే ఎర్రమట్టితోనే చేయొచ్చు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

30 సెంటీమీటర్ల పళ్ళేనికి సుమారు కిలోన్నర మట్టి పడుతుంది. పది నిలవాలంటే పదమూడు తీయాలి, అంటే 20 కిలోలు. మట్టిని నీళ్ళలో కలిపి సన్నటి జల్లెడ పట్టండి. సున్నపురాయి పలుకు ఒక్కటి మిగిలినా, కాల్చిన కొన్ని రోజులకు గాలిలో తేమ పీల్చి ఉబ్బి పైపొరను ఎగరగొడుతుంది. కుండ పెంకులు దంచి, టీ వడకట్టే జాలీలో జల్లించిన పొడి రెండు కిలోలు కలిపితే పళ్ళేలు వంకర తిరగడం తగ్గుతుంది. కాల్చి ఇచ్చే స్టూడియోలో కొలిమి లోపలి అర (షెల్ఫు) ఎంత వెడల్పో కూడా ఇప్పుడే అడగండి.

అచ్చు పోయడం

అంచులు ఏటవాలుగా ఉన్న స్టీలు పళ్ళెం తీసుకోండి. నిటారు అంచుదైతే పనికిరాదు, మట్టి ఆరుతూ అచ్చును బిగించుకుని చీలుతుంది. లోపలంతా సబ్బునీళ్ళు మూడుసార్లు పూసి, చుట్టూ ప్లాస్టిక్ షీటు పట్టీ కట్టండి. 2.4 లీటర్ల నీళ్ళలో 3.4 కిలోల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చల్లండి. నీళ్ళలోకే పొడి వేయాలి, పొడి మీద నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. రెండు నిమిషాలు నాననిచ్చి, చెయ్యి అడుగునే ఉంచి బుడగలు రాకుండా కలపండి. వేలితో గీసిన గీత ఒక్క క్షణం నిలిచిందంటే పోసేయాలి. అది వేడెక్కి చల్లబడ్డాక పళ్ళెం ఊడదీయండి. మిగిలిన ప్లాస్టర్ సింకులో పోయొద్దు, గొట్టంలోనే గడ్డకడుతుంది.

చెక్కడం

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడితే పది పళ్ళేలూ ఆ తొందరనే చూపిస్తాయి. అచ్చు ఇంకా తడిగా ఉన్నప్పుడే చెక్కండి, ఎండాక అంచులు పెళుసుగా రాలతాయి. అచ్చులో గుంట పళ్ళెంలో గుబ్బ అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. సీతాఫలం బొమ్మ అనుకుందాం. కాయ మీది ఒక్కో కన్నునూ చిన్న గుంటగా తవ్వితే పళ్ళెం మీద కళ్ళు ఉబ్బి నిలుస్తాయి, వాటి మధ్య సందులు లోతుగా కనిపిస్తాయి. పేరు రాస్తే అద్దంలో కనిపించేలా తిరగేసి రాయాలి.

గీతల లోతు 2, 3 మిల్లీమీటర్లు చాలు. గోడలు పైకి విచ్చుకునేలా ఉండాలి. లోపలికి తవ్వుకుపోయిన గీతలో మట్టి ఇరుక్కుని, ఎత్తేటప్పుడు తెగి అక్కడే ఉండిపోతుంది. పని అయ్యాక కుంచెతో కడిగి నీడలో వారం ఆరబెట్టండి, వానాకాలమైతే రెండు వారాలు. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తొందరపడి ఓవెన్‌లో పెడితే ప్లాస్టర్ పొడి పొడిగా రాలిపోతుంది.

అదమడం

8 మిల్లీమీటర్ల మందం చెక్కపట్టీల మధ్య మట్టిని పరచి, 34 సెంటీమీటర్ల గుండ్రం కోసి అచ్చు మీద వేయండి. వేశాక మళ్ళీ ఎత్తొద్దు, బొమ్మ రెండుగా పడుతుంది. గుప్పెడంత ఇసుక మూటతో నడిమి నుంచి అంచుకు తట్టుకుంటూ వెళ్ళండి. అంచు నుంచి మొదలుపెడితే గాలి మధ్యలో చిక్కి అక్కడి గీతలు పడవు. అంచు కోసి, వెనక గీట్లు పెట్టి బురద పూసి, మట్టి తీగతో పాదం అతికించి, తగిలించడానికి రెండు చిల్లులు పెట్టండి.

అరగంట, ముప్పావు గంటలో అంచు దగ్గర కాగితం పట్టేంత సందు వస్తుంది. అప్పుడే పైన పలక పెట్టి రెండింటినీ కలిపి తిప్పి అచ్చును పైకి లేపండి. ఇంకా ఉంచితే మట్టి ముడుచుకుంటూ గుబ్బల మొదట్లో చీలుతుంది. నాలుగు తీశాక అచ్చు తడెక్కి మట్టిని వదలదు, ఒక రోజు ఆరనివ్వండి.

వేలితో నొక్కితే గుంట పడక, గోరు మాత్రం దిగేంత గట్టిపడ్డాక వెనక మీ ముద్ర వేయండి. రంగుమట్టి పూత కూడా అప్పుడే. హైదరాబాద్ మే ఎండలో అంచులు ముందే ఎండి పగులుతాయి కాబట్టి, వార్తాపత్రిక కప్పి దాని మీద ప్లాస్టిక్ వేసి వారం పాటు మెల్లగా ఆరనివ్వాలి.

కాల్చడం, నంబరు వేయడం

100 డిగ్రీల దాకా మూడు గంటలు, అక్కడ రెండు గంటలు ఆపి, 600 వరకు గంటకు 100 చొప్పున, ఆపై 980 డిగ్రీల దాకా. లోపలి తేమ పోకముందే వేడి పెంచితే పళ్ళెం పేలుతుంది. మెరుపు కావాలంటే సీసం లేని, అదే వేడిలో కరిగే గ్లేజు (గాజులా మెరిసే పూత) వేసి మళ్ళీ కాల్చాలి. రాగి ఆక్సైడు రంగు వాడితే అది గోడకే, అన్నం తినడానికి కాదు.

నంబరు ముందే చెక్కితే, మూడోది పగిలినప్పుడు 3/10 శాశ్వతంగా ఖాళీ అవుతుంది. మొదటి కాల్పు తర్వాత మంచివి పది ఏరి, ఐరన్ ఆక్సైడుతో వెనక రాసి, రెండో కాల్పులో అది చెరగకుండా పట్టేలా చేయండి. మిగిలిన మంచివాటికి నంబరు వేయొద్దు. పది పూర్తయ్యాక అచ్చు మీద ఈ కొస నుంచి ఆ కొసకు లోతుగా ఒక గీత కొట్టి, ఆ గీత పడిన పళ్ళెం ఒక్కటి తీసి దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత ఆ అచ్చుతో తీసే ప్రతి పళ్ళెం మీదా గీత పడుతుంది కాబట్టి, పదకొండోది ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి.