చూసి తప్పుకోవడం – 6వ పాఠం: అద్దం మీద కదలని గింజ

ఈసారి టీకాస్ (విమానాలు ఢీకొనే ప్రమాదం ఉంటే పైలట్‌ను హెచ్చరించే పరికరం) గురించి చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి జరపక తప్పడం లేదు. 5వ పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు మీరు పంపిన జవాబులు చూశాక, ఈ సంగతి తేల్చకుండా ముందుకు పోతే మీకే నష్టమనిపించింది.

ప్రశ్న గుర్తుంది కదా. శిక్షణ విమానంలో 90 నాట్ల (గంటకు సుమారు 167 కిలోమీటర్ల) వేగంతో పోతున్నారు. ముందద్దంలోంచి మూడు చుక్కలు, అంటే వేరే మూడు విమానాలు, కనిపించాయి. ఒకటి ఎడమ నుంచి కుడికి చకచకా జరుగుతోంది. రెండోది మెల్లగా తోక వైపు జారుతోంది. మూడోది ఉన్నచోటే ఉంది. దేన్ని చూసి కంగారు పడాలి?

ఎక్కువమంది మొదటిదాన్నే ఎంచుకున్నారు. మూడోదాని గురించి ‘అది చాలా దూరంలో ఉంది సార్, అందుకే కదలడం లేదు’ అని రాశారు. అలాంటి జవాబులు వరసగా చదువుతుంటే నాకు నిజంగా భయమేసింది. ప్రమాదం ఆ మూడోదానితోనే. పోయినసారి నేను కళ్ళతో వెతికే పద్ధతి వరకే చెప్పాను: ఆకాశాన్ని పిడికెడు పిడికెడుగా, అంటే 10 డిగ్రీల చొప్పున భాగాలు చేసుకుని, ఒక్కో భాగం మీద కనీసం ఒక సెకను చూపు నిలపడం. చూపులో పడ్డాక ఏం గమనించాలో చెప్పలేదు. ఆ లోటు ఇప్పుడు తీర్చాలి.

ముందు నేల మీద జరిగిన సంగతి ఒకటి చెప్తాను. పూతలపట్టు దగ్గర ఒక ఊరి దారిలో కారు నడుపుతున్నాను. వేగం 50 దాటలేదు. రెండు వైపులా చెరకు కోసేసిన మళ్ళు, కనుచూపు మేర అడ్డమేమీ లేదు. పక్క సీట్లోంచి మా ఆవిడ ‘ఏమండీ, ట్రాక్టర్!’ అని కేకేసింది. బ్రేకు తొక్కాను. కుడి పక్క మట్టిదారిలోంచి చెరకు లోడు ట్రాక్టర్ ఒకటి నా ముందు నుంచే రోడ్డు దాటింది. ఆ లోడు చిన్న ఇంటంత ఉంది. అంత పెద్దది నాకు ఎందుకు కనిపించలేదు? ముందద్దానికీ పక్కద్దానికీ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు స్తంభం ఉంటుంది కదా, అంతసేపూ ట్రాక్టర్ దాని చాటునే ఉంది. నేను ముందుకు వచ్చేకొద్దీ అదీ ముందుకు వచ్చింది. ఇద్దరి మధ్య దూరం తగ్గింది గానీ నా కంటికి దాని దిక్కు మారలేదు. మా ఆవిడ కన్ను ఉన్న చోటు వేరు కాబట్టి ఆమెకు కనిపించింది.

గాల్లోనూ లెక్క అంతే. మీరు ఉత్తరానికి 90 నాట్లతో పోతున్నారు. కుడి వైపు నుంచి ఒక ప్రయాణికుల విమానం అదే ఎత్తులో 250 నాట్లతో పడమటికి వస్తోంది. ఇద్దరి దారులూ ఒక చోట కలుస్తాయి. ఆ చోటికి మీరు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆయన సుమారు 8.3 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఇద్దరూ ఒకే క్షణంలో అక్కడికి చేరతారు. ఇప్పుడు ఆయన మీ ముక్కు నుంచి కుడికి దాదాపు 70 డిగ్రీల మీద కనిపిస్తాడు. మీరు సగం దారి వచ్చేసరికి ఆయనా సగం వస్తాడు. కోణం మళ్ళీ 70 డిగ్రీలే. మీకు ఒక కిలోమీటరు మిగిలినప్పుడు కూడా 70 డిగ్రీలే. కాగితం మీద గీసుకుని కోణమానినితో కొలవండి, నా మాట మీద నమ్మకండి. ఆయన సీట్లోంచి చూస్తే మీరు ఆయన ముక్కుకు ఎడమగా 20 డిగ్రీల మీద కనిపిస్తారు. ఆ కోణమూ కదలదు.

ఎదుటి విమానం అద్దం మీద ముందుకు జరుగుతుంటే మీ ముందు నుంచి దాటిపోతుంది, వెనక్కి జారుతుంటే మీ వెనక నుంచి పోతుంది. ఎటూ జరగకుండా పెద్దదవుతుంటే మీ మీదికే వస్తోందని అర్థం. ‘పెద్దదవుతుంటే’ అనే మాట మరవకండి. మీకు సమాంతరంగా అదే వేగంతో పోయే విమానం కూడా అద్దం మీద కదలదు, కానీ దాని సైజు పెరగదు. ఇదంతా ఇద్దరూ తిన్నగా, ఎవరి వేగం వాళ్ళు మార్చకుండా పోతున్నప్పటి లెక్క. ఎవరైనా తిరుగుతుంటే మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

మరి పెద్దదయ్యేదాకా చూద్దామా అంటే, అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా వస్తే మీ 90, ఆయన 250 కలిపి 340 నాట్లు, అంటే సెకనుకు 175 మీటర్లు. శిక్షణలో వాడే సెస్నా 172 రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 11 మీటర్లు. ఐదున్నర కిలోమీటర్ల దూరం నుంచి పెద్ద విమానం పైలట్‌కు అది ఎంత కనిపిస్తుంది? చేయి చాచి వేళ్ళ మధ్య పట్టుకున్న రాగి గింజంత. మనం సంగటికి వాడే రాగులే. ఢీకొనడానికి అప్పటికి ఇంకా 31 సెకన్లు ఉంది. దూరం సగమయితేనే గింజ రెట్టింపవుతుంది. 16 సెకన్లు మిగిలినప్పుడు సజ్జ గింజంత, 8 సెకన్లప్పుడు కంది గింజంత, 4 సెకన్లప్పుడు చింతగింజంత. ఆ తర్వాత అద్దం నిండా అదే.

ఇప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకోండి. చూడటం, అది విమానమని పోల్చుకోవడం, మీదికి వస్తోందని తెలుసుకోవడం, ఎటు తిరగాలో తేల్చుకోవడం, చేతులు కదలడం, విమానం తిరగడం, వీటన్నిటికీ కలిపి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సూచనల్లో ఇచ్చిన సమయం 12.5 సెకన్లు. అంటే కంది గింజ అయ్యాక చూస్తే ఆలస్యమైపోయినట్టే, సజ్జ గింజగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ప్రయాణికుల విమానం మీకు దాదాపు మూడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి తప్పుకోవడానికి వీలు మీకే ఎక్కువ. ఆయన చూసుకుంటాడులే అని కూర్చోవద్దు. 1986 ఆగస్టు 31న కాలిఫోర్నియాలోని సెరిటోస్ మీద ఒక డీసీ-9 ప్రయాణికుల విమానమూ చిన్న పైపర్ విమానమూ ఢీకొని 82 మంది పోయారు, వాళ్ళలో 15 మంది నేల మీద ఉన్నవాళ్ళు. రెండు కాక్‌పిట్‌లలోనూ ఎవరూ ఎవరినీ చూసి తప్పుకోబోయిన ఆనవాలు లేదు.

నా దగ్గర చదివే పిల్లలకు నేను రెండు అలవాట్లు పట్టుబట్టి చేయిస్తాను. స్తంభం చాటు చూడటానికి తలను ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ కదపాలి, కళ్ళు తిప్పితే చాలదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తిన్నగా పోకుండా చిన్న చిన్న వంపులు తీసుకోవాలి. వంపు తిరిగితే కోణం మారుతుంది, చాటున ఉన్నది బయటపడుతుంది. ఎవరు ఎవరికి దారివ్వాలో నియమాలు పుస్తకంలో ఉన్నాయి, అవి మళ్ళీ రాయను.

ఇక మీ జవాబుల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది, ‘ఆ విమానం నాకు కనిపించింది’ అని రేడియోలో చెప్పడానికి వాడే మాట, ‘ట్రాఫిక్ ఇన్ సైట్’. ఏటీసీ (నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు) ఫలానా దిక్కున విమానం ఉందని చెప్పగానే ‘వెంటనే ట్రాఫిక్ ఇన్ సైట్ అని చెప్పి, తర్వాత వెతుక్కుంటాను’ అని కొందరు రాశారు. దయచేసి ఈ అలవాటు ఇక్కడే వదిలేయండి. ఆ మూడు మాటలు అన్నాక, దాన్ని చూస్తూ దూరం పాటించమని ఏటీసీ ఆ భారం మీ మీదే పెట్టవచ్చు. మీరు చూడనిదాన్ని చూశానన్నారు కాబట్టి ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళు ఎవరూ లేరు.

1978 సెప్టెంబర్ 25, శాన్ డియాగో. ఉదయం తొమ్మిది, ఆకాశం తేటగా ఉంది. దిగడానికి వస్తున్న బోయింగ్ 727కు ముందు, కింద ఒక సెస్నా 172 ఉంది. ఏటీసీ చెప్పింది, పైలట్లు కనిపించిందన్నారు, చూస్తూ దూరం పాటించమని ఏటీసీ అంది. కాసేపటికి సెస్నా వాళ్ళ కంటికి తప్పిపోయింది. ‘కనిపించడం లేదు’ అని మాత్రం తేటగా చెప్పలేదు. అది దాటిపోయినట్టుంది అన్న అర్థంలో ఒక మాట అన్నారు. కంట్రోలర్ దాన్ని ఇంకా చూస్తూనే ఉన్నారన్నట్టు తీసుకున్నాడు. ఆ సెస్నాను దాటేశామా అని కాక్‌పిట్‌లో ఒకరు అడిగితే, దాటే ఉండాలి అని ఒకరు, అనుకుంటా అని ఇంకొకరు. వెనక నుంచీ పై నుంచీ వచ్చిన 727 సెస్నాను గుద్దింది. 144 మంది చనిపోయారు. ఒక్క వాక్యం, ‘కనిపించడం లేదు’ అని చెప్పి ఉంటే ఏటీసీ ఏదో ఒకటి చేయగలిగేది.

కాబట్టి వెతుకుతున్నప్పుడు ‘లుకింగ్ అవుట్’ అనండి. కనిపించకపోతే ‘నెగటివ్ కాంటాక్ట్’. కనిపించి తప్పిపోతే ఆ క్షణమే చెప్పండి, సిగ్గుపడేది ఏమీ లేదు. కనిపించింది వాళ్ళు చెప్పినదేనా అన్నదీ చూసుకోవాలి. దిక్కు, ఎత్తు, రకం మూడూ కలిస్తేనే అవునని చెప్పండి. ముందు వైపును 12గా తీసుకుని ఏటీసీ దిక్కును గడియారం అంకెల్లో చెప్తుంది, ఆ అంకెలతో మోసపోయేవాళ్ళూ ఉన్నారు. రాడార్‌కు మీ విమానం పోయే దారే తెలుస్తుంది, ముక్కు ఎటుందో తెలియదు. పక్కగాలికి మీరు ముక్కును 20 డిగ్రీలు కుడికి పెట్టి పోతుంటే, ‘రెండు గంటల దిక్కు’ అని వాళ్ళు చెప్పిన విమానం మీకు ఒంటిగంట దగ్గర, కాస్త కుడిగా కనిపిస్తుంది.

సాధన రెండు భాగాలు. మొదటిది ఇంట్లోనే. కిటికీ అద్దానికి ఒక రాగి గింజ, ఒక సజ్జ గింజ, ఒక కంది గింజ, ఒక చింతగింజ అంటించి, చేయి చాచినంత దూరంలో నిలబడి ఒక్కోదాన్నీ ఒక నిమిషం చూడండి. వెనక ఆకాశం ఉండాలి.

రెండోది తిరుపతి నుంచి చిత్తూరుకు ఆర్టీసీ బస్సులో. ముందు సీటు దొరికేదాకా ఆగండి. పక్క దారుల్లోంచి మెయిన్ రోడ్డుకు వచ్చే బండ్లను మాత్రమే చూడండి. అద్దం మీద ఒక మరకనో గీతనో గుర్తు పెట్టుకుని, తల కదపకుండా, బండి దానికి ముందుకు జరుగుతోందా, వెనక్కి జారుతోందా, నిలిచి ఉందా అని రాసుకోండి. పక్కనే అది బస్సుకు ముందు దాటుతుందో, వెనక దాటుతుందో మీ అంచనా రాయండి. తర్వాత ఏం జరిగిందో మూడో గడిలో రాయండి. చంద్రగిరి దాటాక మొదలుపెట్టి చిత్తూరు చేరేలోపు 40 బండ్లు కావాలి. చాలకపోతే తిరుగు ప్రయాణంలో పూర్తి చేయండి. మీరే బండి నడుపుతూ మాత్రం ఇది చేయవద్దు. అంచనా తప్పిన బండ్లు ఎన్ని, వాటిలో డ్రైవర్ బ్రేకు వేయడం వల్ల లెక్క మారినవి ఎన్ని, విడివిడిగా రాసి పంపండి. టీకాస్ పాఠం ఆ కాగితాలు చూశాకే మొదలుపెడతాను.