నాగావళి ఒడ్డున ‘రోవర్’ పరుగు: మూడు నిమిషాల మూకీ తీసే పద్ధతి

శ్రీకాకుళంలో షార్ట్‌ఫిల్మ్ అనుకోగానే ముందు డైలాగులు రాస్తారు. దానికంటే ముందు సెసిల్ హెప్‌వర్త్ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది: ఎవరు ఎటు పోతున్నారో మాట లేకుండానే తెలిసేలా షాట్లు అతకడం. 1897లోనే సినిమా తీయడం గురించి పుస్తకం రాసిన ఇంగ్లిష్ నిర్మాత ఆయన. 1905లో వాల్టన్-ఆన్-థేమ్స్‌లో ‘రెస్క్యూడ్ బై రోవర్’ నిర్మించాడు. దర్శకుడు లెవిన్ ఫిట్జ్‌హామన్. ఎత్తుకుపోయిన పసిపాపను ఇంటి కుక్క వెతికి పట్టుకోవడమే కథ. హెప్‌వర్త్, ఆయన భార్య, పాప, వాళ్ల కుక్క బ్లెయిర్ (సినిమాలో దాని పేరే రోవర్) నటించారు. ఖర్చు 7 పౌన్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు. ప్రింట్లు 395 అమ్ముడుపోయాయి. ప్రింట్లు తీసి తీసి నెగటివ్ (అసలు ఫిల్ము) అరిగిపోవడంతో మొత్తం సినిమాను మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

ఇలాంటి కథనే మూడు నిమిషాల మూకీగా తీయడానికి మీకు నాలుగు చోట్లు చాలు: గుజరాతీపేటలో ఒక ఇంటి గుమ్మం, ఒక వీధి మలుపు, నాగావళి రేవు, అవతలి ఒడ్డున ఒక పాక. కుక్క వెళ్లేటప్పుడు కెమెరా వైపు పరుగెత్తాలి, తిరిగొచ్చేటప్పుడు కెమెరాకు వీపు చూపిస్తూ పోవాలి. రెండింటికీ ట్రైపాడ్ అంగుళం కూడా జరగకూడదు, కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీయండి. అదే గోడ, అదే మలుపు మళ్లీ కనబడినప్పుడే ‘ఇంటికి పోతోంది’ అని చూసేవాళ్లకు తడుతుంది. ఒక్క షాట్‌లో దిశ మారినా కుక్క దారి తప్పినట్టు ఉంటుంది.

ఒక్కోచోట రాకపోకలు రెండూ ఒకే పూట తీసేయండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీస్తే నీడలు అటువి ఇటు పడతాయి. ఇక్కడే చాలామంది మరిచిపోయేది తడి. ఏరు దాటిన కుక్క తిరుగు ప్రయాణంలో పొడిగా కనిపిస్తే కథ అక్కడే తేలిపోతుంది. అందుకే ముందు పొడి ఒంటితో వెళ్లే షాట్ తీసి, తర్వాత రెండు చెంబుల నీళ్లు పోసి తిరిగొచ్చే షాట్ తీయాలి. మొహం మీద పోయకండి, విదిలించుకుంటూ నిలబడిపోతుంది.

వీధికుక్కను నమ్ముకోవద్దు, పెంపుడుదే కావాలి. యజమాని కెమెరా పక్కనే కూర్చుని ఉడికించిన గుడ్డు ముక్క చూపించి పిలవాలి. తిరుగు షాట్‌లో ఆ మనిషి మలుపు అవతల దాక్కోవాలి. వీధికుక్కలు వెంటపడకుండా పక్కసందు దగ్గర ఇద్దర్ని నిలబెట్టండి. వేసవిలో పొద్దెక్కితే తారు రోడ్డు మీద పాదాలు కాలతాయి, ఆరింటికే మొదలెట్టండి. వానాకాలంలో నదిలోకి దింపనే వద్దు. మోకాలి లోతు, అదీ గట్టు పక్కనే, చాలు.

ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) రెండూ లాక్ చేయండి. లేకపోతే తెల్ల కుక్క దగ్గరికి రాగానే వెనకున్న వీధంతా చీకటైపోతుంది. కుక్క ఫ్రేములోకి రాకముందు మూడు సెకన్లు, పోయాక మూడు సెకన్లు ఖాళీ వీధి రికార్డు కావాలి. ఎడిటింగ్‌లో కత్తెర పడేది అక్కడే.

ఆఖరి పని కాపీలు. 1924లో హెప్‌వర్త్ దివాలా తీశాక ఆయన దగ్గరున్న నెగటివ్‌లను వెండి కోసం కరిగించేశారు. మీ ఒరిజినల్ ఫైళ్లను కేబుల్‌తో రెండు వేర్వేరు డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. వాట్సాప్‌లో పంపుకున్నది కాపీ కింద లెక్కకాదు, అది వీడియోను కుదించేస్తుంది.