ఒకే ముక్క డ్రైవ్‌షాఫ్ట్ బిగించాక వణుకు: పినియన్ కోణం సరిచూసే పద్ధతి

2005 నుంచి 2014 వరకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో రెండు వెనుక చక్రాలను కలిపే హౌసింగ్ ఒకటే ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి దానికి శక్తి సెంటర్ బేరింగ్ ఉన్న రెండు ముక్కల డ్రైవ్‌షాఫ్ట్ ద్వారా చేరుతుంది. బరువు తగ్గుతుందని చాలామంది యజమానులు దాన్ని తీసేసి, రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు (వంపులోనూ తిరుగుడును అందించే కీళ్లు) ఉన్న అల్యూమినియం ఒంటి షాఫ్ట్ వేయిస్తారు. వణుకు ఫిర్యాదులు ఎక్కువగా ఆ తర్వాతే మొదలవుతాయి.

యూనివర్సల్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు, లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా, బయటికి పోయే వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉండి, షాఫ్ట్ యోక్‌లు (జాయింట్‌ను పట్టుకునే రెండు కొమ్ముల భాగాలు) ఒకే వరుసలో అమరితే, ముందు జాయింట్ తెచ్చిన హెచ్చుతగ్గులను వెనుక జాయింట్ రద్దు చేస్తుంది. అందువల్ల పినియన్ (షాఫ్ట్ నుంచి శక్తిని హౌసింగ్‌లోకి తీసుకునే గేరు) కోణాన్ని విడిగా ఒక అంకెగా చూడటంలో అర్థం లేదు. గేర్‌బాక్సు కోణంతో కలిపి చూసినప్పుడే అది పనికివస్తుంది.

సమస్య: యాక్సిలరేటర్ తొక్కితే వణుకు, వదిలితే తగ్గుదల

ఇంజిన్ లాగుతున్నప్పుడు హౌసింగ్ మెలితిరిగి పినియన్ ముందు కొస పైకి లేస్తుంది. నిలిపి ఉన్నప్పుడే ఆ కొస ఎక్కువగా పైకి ఉంటే, లాగుడులో రెండు కోణాల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. హౌసింగ్ పైభాగాన్ని బాడీకి కలిపే పై కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు అరిగినా ఇదే జరుగుతుంది కాబట్టి, ముందు వాటిని చూడకుండా కోణం మార్చడం వృథా శ్రమ.

కొలిచేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. బాడీని ఎత్తి హౌసింగ్‌ను వేలాడదీసి కొలిస్తే వచ్చే అంకె ఏ రోడ్డు మీదా ఉండదు. బండిని ర్యాంపు మీద సమతలంగా నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, డిజిటల్ యాంగిల్ గేజ్‌తో మొదట గేర్‌బాక్సు అవుట్‌పుట్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బిగించే చదునైన బిళ్ల), తర్వాత షాఫ్ట్ గొట్టం, చివరగా పినియన్ ఫ్లాంజ్ కొలవాలి. ఫ్లాంజ్ ముఖం దాదాపు నిలువుగా ఉంటుంది కనుక, అది నిలువు నుంచి ఎంత వాలిందో అదే కోణం.

ఉదాహరణకు గేర్‌బాక్సు వెనక్కి 3 డిగ్రీలు, షాఫ్ట్ వెనక్కి 1 డిగ్రీ దిగుతుంటే, ముందు జాయింట్ పనిచేసే కోణం 2 డిగ్రీలు. పినియన్ కొస కూడా 3 డిగ్రీలు పైకి ఉంటే రెండూ సమాంతరం. అయితే లాగుడులో అది లేస్తుంది కాబట్టి 2 డిగ్రీల దగ్గర నిలపడం మేలు. అప్పుడు వెనుక జాయింట్‌కు 1 డిగ్రీ మిగులుతుంది, లాగుడులో తేడా పూడిపోతుంది. ఏ జాయింటూ సున్నా దగ్గర ఉండకూడదు, ఎందుకంటే అందులోని సూది బేరింగులు దొర్లకుండా ఒకేచోట గాడి పడతాయి. హైవే వేగానికి 3 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచిది.

సవరణకు పొడవు మార్చుకోగల పై కంట్రోల్ ఆర్మ్ కావాలి. దాన్ని కుదిస్తే హౌసింగ్ పైభాగం ముందుకు వచ్చి పినియన్ కొస దిగుతుంది, పొడిగిస్తే లేస్తుంది. కమాన్ పట్టీల బండ్లలో ఇదే పనిని పట్టీకీ హౌసింగ్‌కూ మధ్య పెట్టే వెడ్జ్ ముక్కలు చేస్తాయి. స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించినవారు కోణాన్ని మళ్లీ కొలవక తప్పదు.

సమస్య: యాక్సిలరేటర్ వదిలినప్పుడే వణుకు

ఇది దాదాపు ఎప్పుడూ అతిగా సరిచేసిన ఫలితం. ఇంజిన్ బ్రేకింగ్‌లో పినియన్ కొస దిగుతుంది, ముందే బాగా దించి ఉంటే తేడా పెరుగుతుంది. అర డిగ్రీ చొప్పున పైకి తెచ్చి, ప్రతిసారీ నడిపి చూడాలి.

సమస్య: తొక్కినా వదిలినా ఒకే వేగం దగ్గర వణుకు

ఇక్కడ కోణం మీద అనుమానం తగ్గించుకోవచ్చు. 3.55 నిష్పత్తి హౌసింగ్‌తో (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 3.55 చుట్లు), 235/55 ఆర్17 టైర్లతో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది. కోణం తప్పితే వణుకు చుట్టుకు రెండుసార్లు, అంటే సెకనుకు దాదాపు 90 సార్లు వచ్చి సన్నని గుయ్యిమనే మోతలా వినిపిస్తుంది. బ్యాలెన్స్ తప్పితే చుట్టుకు ఒక్కసారే వచ్చి సీటులో మొద్దుగా తెలుస్తుంది. రెండోదైతే ఫ్లాంజ్ ముఖాల తుప్పు, మట్టి తుడిచి, షాఫ్ట్‌ను అర చుట్టు తిప్పి బిగించి, డయల్ గేజ్‌తో గొట్టం వంకర చూడాలి. అప్పటికీ తగ్గకపోతే షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్‌కు పంపాలి.

ఏ సవరణ తర్వాతైనా హౌసింగ్ పూర్తిగా లేచిన స్థితిలో షాఫ్ట్ పైనున్న బాడీ టన్నెల్‌కు గానీ, షాఫ్ట్ ఊడితే పట్టుకునే సేఫ్టీ లూప్‌కు గానీ తగలడం లేదని చూసి, కంట్రోల్ ఆర్మ్ లాక్ నట్లను బండి బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి.