ఉక్రెయిన్ యుద్ధం వార్తలు మోసపోకుండా చూసేది ఎట్ల: తిరుపతిలో చిల్లరంగడి పెట్టుకున్న నా పద్ధతి

మాది తిరుపతి, కొర్లగుంటలో చిల్లరంగడి. పొద్దన ఆరుకి షట్టర్ తీస్తే రాత్రి పది దాకా అంగట్లోనే ఉంటా, చేతిలో ఫోన్, గల్లాపెట్టి పక్కన చిన్న టీవీ, లోకంలో జరిగేదంతా తెలుసనే అనుకుంటా ఉన్నా 2022 ఫిబ్రవరి 24 దాకా. ఆ రోజు మా అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు. వాళ్ళబ్బోడు ఉక్రెయిన్‌లో విన్నిత్సా అనే ఊర్లో ఎంబీబీఎస్ చదవతా ఉన్నాడు, రష్యావాళ్ళు బాంబులేస్తా ఉండారంట, నువ్వు పొద్దస్తమానం టీవీ చూస్తావు కదరా, ఏం జరగతా ఉందో చెప్పు అనింది. చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు. విన్నిత్సా ఏ మూలుందో కూడా తెలీదు నాకు. వాడు రొమేనియా బోర్డర్ దాటి, ఢిల్లీ వచ్చి, చెన్నై మీదుగా ఇల్లు చేరేదాకా మేం పడిన అగచాట్లలో కొంత, తర్వాత ఇన్నేళ్ళలో కొంత నేర్చుకున్నదే ఈడ రాస్తా ఉండా. పెద్ద చదువులు అక్కర్లేదు, కొంచెం ఓపిక ఉంటే ఎవురైనా చేయచ్చు.

అన్నిటికంటే ముందు టీవీ సౌండ్ తగ్గించి ఫోన్లో మ్యాప్ తెరవండి. తూర్పున రష్యా, పైన బెలారస్, పడమట పోలండ్, రొమేనియా, కింద నల్ల సముద్రం. ఖార్కీవ్ ఎక్కడుందో చూడండి, రష్యా బోర్డర్‌కి నలభై కిలోమీటర్లే, అంటే మనకి తిరుపతి నుంచి శ్రీకాళహస్తి ఎంతో అంత. విన్నిత్సా దానికి పడమట ఐదొందల కిలోమీటర్ల పైనే. మొదటి రోజు మా అక్కకి కాస్త ధైర్యం చెప్పింది ఈ మ్యాపే, ఎందుకంటే టీవీలో 'ఉక్రెయిన్‌పై దాడి' అని ఒకటే ఎర్రక్షరాలు, ఏ ఊరో చెప్పడు. ఆడ మెడిసిన్ చదవతా ఉండిన కర్ణాటక హావేరి జిల్లా అబ్బాయి మార్చి 1న చనిపోయింది ఖార్కీవ్‌లో. విన్నిత్సా కూడా తప్పించుకోలేదు, ఆ జులైలో మిసైళ్ళు పడి ఇరవై మంది పైన పోయినారు, కానీ అప్పటికి మావోడు ఇంట్లో ఉన్నాడు. సైజు కూడా మనసులో పెట్టుకోండి. ఉక్రెయిన్ మన ఆంధ్రాకి మూడున్నర రెట్ల పైనే ఉంటుంది. అందులో ఐదింట ఒక వంతు రష్యా చేతిలో ఉండాది అంటే మన రాష్ట్రంలో దాదాపు ముక్కాలు భాగం పోయినట్టు లెక్క. 'కొంచెం భూమి వదిలేస్తే అయిపోతుంది కదా' అని టీ అంగడి కాడ అనేవాళ్ళకి నేను ఇదే చెప్తా, చిత్తూరు నుంచి గోదావరి దాకా గీత గీసి చూడన్నా అని.

టైం సంగతి ఒకటి. వాషింగ్టన్ మనకి తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు వెనక. వాళ్ళు పగలు మాట్లాడేది మనకి రాత్రి పడుతుంది, ఆ రాత్రే చానెళ్ళు రంగులేసి తిప్పుతాయి. అందుకని నేను రాత్రి తొమ్మిదికి యుద్ధం చర్చలు చూడటం మానేసినా, పొద్దన పేపర్లో చదువుతా. నిద్ర కూడా బాగా పడుతుంది.

ఇంక తేదీలు. బిల్లు బుక్కు వెనక అట్ట మీద ఐదు సంవత్సరాలు రాసుకున్నా. 1991, సోవియట్ యూనియన్ పగిలిపోయింది, ఉక్రెయిన్ జనం ఓటేస్తే తొంభై శాతం పైన వేరే దేశం కావాలనే అన్నారు, నల్ల సముద్రంలోకి చొచ్చుకుని ఉండే క్రిమియాలో కూడా సగం కంటే ఎక్కువ ఓట్లు అటే పడ్డాయి. 1994, తన గడ్డ మీద మిగిలిపోయిన అణుబాంబులు వదిలేసుకునేదానికి ఉక్రెయిన్ ఒప్పుకుంది, బదులుగా బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా ముగ్గురూ నీ సరిహద్దుల జోలికి పోమని సంతకం పెట్టినారు. 2008, బుకారెస్ట్ మీటింగులో నాటో వాళ్ళు, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి, ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా మా మెంబర్లవుతారు అని ప్రకటించినారు, ఎప్పుడో చెప్పలేదు, కాపాడతామనీ చెప్పలేదు, రష్యాకి మాత్రం కోపం తెప్పించినారు. 2014, రష్యా క్రిమియాని కలిపేసుకుంది, ఉక్రెయిన్ తూర్పున ఉండే డాన్‌బాస్‌లో కొట్లాట మొదలైంది. 2022 అందరికీ తెలిసిందే. ఎవురైనా వచ్చి 'అసలు కథ ఇది' అని మొదలుపెడితే, ఆయన ఏ సంవత్సరం నుంచి మొదలుపెడతా ఉండాడో చూడండి. 2008 నుంచి మొదలుపెట్టేవాడు తప్పంతా నాటోదే అంటాడు, 2014 నుంచి మొదలుపెట్టేవాడు పుతిన్‌దే అంటాడు, ఐదూ వరసగా చెప్పేవాళ్ళు నాకింత వరకు ఇద్దరో ముగ్గురో తగిలినారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తా. మీకు అప్పుల బుక్కు తెలుసు కదా. నా అంగట్లో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఎదురింటాయన నాకు రెండువేలు ఎగ్గొట్టినాడని పక్కింటాయన బాకీ మాఫీ అయిపోదు. ఒకరి బాకీ ఇంకొకరి పేజీలో రాస్తే ఆ బుక్కు ఎందుకూ పనికిరాదు. యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మనోళ్ళు చేసే తప్పు ఇదే. ఉక్రెయిన్ రాజధాని కీవ్ పక్కనుండే బూచాలో, రష్యా సైన్యం వదిలిపోయినాక వీధుల్లో జనం శవాలై పడి ఉన్నారు అంటే, 'మరి ఇరాక్‌లో అమెరికా ఏం చేసింది' అంటారు. నిజమే, 2003లో రసాయన ఆయుధాలు ఉండాయి, అణుబాంబు కోసం చూస్తా ఉండారు అని చెప్పి ఇరాక్ మీద పడినారు, చివరికి చెప్పినట్టు ఏమీ దొరకలేదు, లక్షల మంది బతుకులు నాశనం అయినాయి. అది అమెరికా పేజీలో రాయండి, గట్టిగా రాయండి, నేనూ రాస్తా. కానీ దానివల్ల బూచాలో చచ్చినోళ్ళ బాకీ తీరదు, అది రష్యా పేజీలోనే ఉంటాది. అట్లనే ఉక్రెయిన్ మీద జాలి ఉండేవాళ్ళు యూరప్ వాళ్ళు ఏం చేసినా సరే అనాల్సిన పనిలేదు. ఉక్రెయిన్ పిల్లోళ్ళకి తలుపులు తీసినోళ్ళు సిరియా పిల్లోళ్ళకి కంచెలు కట్టినారు, ఆయుధాలు పంపిస్తానే ఇంకోపక్క రష్యా గ్యాస్‌కి డబ్బులు కట్టినారు. దానికీ ఒక పేజీ. ఇట్ల విడివిడిగా రాసుకోవడం మొదలుపెట్టినాక నాకు 'నువ్వు ఎవరి వైపు' అనే ప్రశ్నకి తడుముకోవాల్సిన అవసరం రాలేదు. ఇల్లు పోయినోళ్ళ వైపు అంటా. ఇంకొకడి ఇంట్లోకి సైన్యంతో దూరింది తప్పు అంటా.

వీడియోల సంగతి. మొదటి వారంలో మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో వచ్చింది, విమానాన్ని కింద నుంచి కాల్చేది, నిప్పురవ్వలు ఎగరతా ఉంటే మా అక్క చూసి బీపీ పెరిగి పడిపోయినంత పని అయింది. తీరా అది ఆర్మా 3 అనే వీడియో గేమ్ అంట. అట్లాంటివి ఆ రోజుల్లో బోలెడు తిరిగినాయి. కీవ్ ఆకాశంలో ఒకే పైలట్ రష్యా విమానాలు వరసగా కూల్చేసినాడు అని ఇంకో కథ, రెండు నెలలకి ఉక్రెయిన్ ఎయిర్‌ఫోర్సే చెప్పింది అది జనం అల్లుకున్న కథ అని. నల్ల సముద్రంలో ఉక్రెయిన్‌కి ఉండే చిన్న దీవి స్నేక్ ఐలాండ్‌లో సైనికులు అందరూ వీరమరణం పొందినారు అన్నారు, తర్వాత తెలిసింది వాళ్ళు బతికే ఉండారు, రష్యాకి బందీలుగా దొరికినారు అని. మన దగ్గరా అంతే, మన పిల్లోళ్ళు బయటపడేదానికి మన ప్రధాని మాట మీద కొన్ని గంటలు యుద్ధం ఆపినారు అని ఫార్వర్డ్ వచ్చింది, నేనూ నమ్మినా, పది మందికి పంపించినా కూడా. మార్చి 3న మన విదేశాంగ శాఖ ప్రతినిధే అది నిజం కాదని చెప్పినాడు.

దీనికి నా పద్ధతి ఏందంటే, ఏ వీడియో వచ్చినా ఒక రాత్రి దాటనిస్తా. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే పాతదైతే చాలాసార్లు దొరికిపోతుంది. ఎంత మంది చచ్చినారు అనే లెక్క ఇచ్చింది ఎవరో చూస్తా, శత్రువు శవాల లెక్క ఇద్దరూ పెంచే చెప్తారు, తమ లెక్క తగ్గిస్తారు. కానీ ఎవురైనా తనకి నష్టమైన మాట తానే ఒప్పుకుంటే, పైలట్ సంగతిలో ఉక్రెయిన్ ఒప్పుకున్నట్టు, దానికి నేను ఎక్కువ విలువ ఇస్తా.

పడమటి దేశాల రాజకీయం అర్థం కావాలంటే ప్రసంగాలు వినొద్దు, ఓట్లు చూడండి, డబ్బు ఎటు పోతా ఉందో చూడండి. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితిలో రష్యా సైన్యం వెనక్కి పోవాలని తీర్మానం పెడితే 141 దేశాలు అవును అన్నాయి, 5 కాదన్నాయి, మనం ఇంకో 34 దేశాలతో కలిసి ఓటెయ్యకుండా కూర్చున్నాం. యుద్ధం మొదలైన సరిగ్గా మూడేళ్ళకి, 2025 ఫిబ్రవరి 24న, మళ్ళీ అట్లాంటి తీర్మానమే వస్తే అమెరికా రష్యాతో పాటు వ్యతిరేకంగా ఓటేసింది. అమెరికా! నాలుగు రోజులకి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని వైట్‌హౌస్‌లో కూర్చోబెట్టి కెమెరాల ముందు ట్రంప్, ఆయన ఉపాధ్యక్షుడు వాన్స్ ఇద్దరూ కసురుకున్నారు, ఆ వీడియో చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది, సాయం కోసం వచ్చినోడిని నలుగురిలో 'థాంక్స్ చెప్పినావా' అని అడిగేది మన ఊళ్ళో కూడా ఎవురూ చెయ్యరు. అంతకు ముందు 2024లో కూడా 61 బిలియన్ డాలర్ల సాయం వాళ్ళ పార్లమెంటులో నెలల తరబడి ఆగిపోయింది, ఆ నెలల్లో ఫ్రంట్ మీద ఉక్రెయిన్ సైనికులు తూటాలు లెక్కపెట్టుకుని కాల్చినారు. అమెరికాలో ఎలక్షన్ వస్తే ఉక్రెయిన్ కందకంలో ఉండే పిల్లోడి తలరాత మారిపోతుంది, దీన్ని మాత్రం ఎప్పుడూ మర్చిపోవద్దు.

మనకి తగిలిన దెబ్బ కూడా ఇందులోదే. 2025 ఆగస్టులో రష్యా ఆయిల్ కొంటా ఉండారని చెప్పి మన సరుకు మీద అమెరికావాళ్ళు ఇంకో 25 శాతం సుంకం వేసినారు, మొత్తం 50 అయింది, నెల్లూరు, భీమవరం రొయ్యల రైతులు గిలగిలలాడినారు. యుద్ధానికి ముందు మనం కొనే క్రూడాయిల్లో రష్యాది రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది, చవగ్గా ఇచ్చినారు కాబట్టి కొన్నాం. కోపం రావడం న్యాయమే. నాకూ వచ్చింది. ఆ కోపాన్ని అమెరికా పేజీలో రాసుకున్నా, కీవ్‌లో అపార్ట్‌మెంట్ కింద నలిగిపోయిన ముసలామె పేజీలో కాదు.

అంగడోడిని కాబట్టి రేట్ల గురించి నాలుగు మాటలు. మనది చనక్కాయ పండించే జిల్లా, అయినా ఇళ్ళల్లో సన్‌ఫ్లవరే వాడతారు, ఆ నూనె దిగుమతిలో పదింట ఏడొంతుల దాకా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. 2022 మార్చిలో హోల్‌సేల్ వాళ్ళు రోజుకో రేటు చెప్పినారు, అది నిజంగా యుద్ధం దెబ్బే. కానీ చిత్తూరు నుంచి గుడిపాల దాటి తమిళనాడు బంకులో పెట్రోలు కొట్టించుకుంటే లీటరుకి మిగిలే రూపాయలు ఉండాయే, అది పుతిన్ వల్లా కాదు, బైడెన్ వల్లా కాదు, రాష్ట్రం వేసే వ్యాట్ పన్ను తేడా. కాబట్టి ఎవురైనా 'యుద్ధం కదన్నా, అందుకే రేటు' అంటే, ఆ సరుకు ఆ దేశం నుంచి వస్తుందా, పక్క రాష్ట్రంలో ఎంత ఉంది, ఈ రెండూ అడగండి. సగం రేట్లకి యుద్ధంతో సంబంధం ఉండదు.

ఇంట్లో పెద్దోళ్ళతో మాట్లాడేది కొంచెం కష్టం. మా నాయనకి ఎనభై దగ్గర పడింది, రష్యా అంటే ప్రాణం. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు అమెరికా సెవెంత్ ఫ్లీట్ యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వస్తే మనకి అండగా నిలబడింది ఎవరు అంటాడు, విశాలాంధ్ర అంగట్లో రూపాయికీ రెండు రూపాయలకీ తెలుగులో రష్యా పుస్తకాలు కొనిచ్చింది గుర్తు లేదా అంటాడు. ఆయనకి ఎదురు మాట్లాడి గెలవాల్సిన పని లేదు, ఆయన చెప్పేది నిజమే కదా. నేను ఒకటే చెప్పినా, నాయనా, నువ్వు రష్యా అనేది అప్పటి సోవియట్ యూనియన్, పదిహేను రిపబ్లిక్కులు, అందులో ఉక్రెయిన్ కూడా ఉండాది, మన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 విమానాలు తయారైంది కీవ్‌లో, మన నేవీ ఓడలకి టర్బైన్లు వచ్చేది మికలాయివ్ నుంచి, నీకు సాయం చేసినోళ్ళలో వీళ్ళూ ఉండారు అని. ఆయన శానాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏఎన్-32 బొమ్మ చూపించమన్నాడు ఫోన్లో.

చివరిది, పిల్లోళ్ళున్న ఇళ్ళవాళ్ళు తప్పకుండా చూసుకోవాల్సింది. రష్యాలో హెల్పర్ పని, సెక్యూరిటీ పని, లక్ష రూపాయల పైన జీతం అని చెప్పి మన పిల్లోళ్ళని ఏజెంట్లు తీసుకుపోయి రష్యా సైన్యంలో సంతకం పెట్టించుకున్నారు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అట్ల చేరిన మనోళ్ళు 126 మంది, అందులో 12 మంది చచ్చిపోయినారు, 16 మంది జాడ లేదు. ఎవురైనా ఏజెంట్ వస్తే ముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో అతని పేరు, లైసెన్స్ ఉందా చూడండి. కాంట్రాక్టు రష్యన్‌లో ఉంటే తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఇవ్వమనండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. టూరిస్ట్ వీసా మీద పనికి పంపిస్తా అంటే పోలీసు స్టేషన్‌కే పోండి.

పోయిన ఏడాది ఒక పిల్లోడు నా అంగడి పక్క జిరాక్స్ కాడ పాస్‌పోర్ట్ కాపీలు తీయించుకుంటా కనపడినాడు, డిగ్రీ ఫెయిలు, నాయన లేడు. యాడికిరా అంటే మాస్కో మామా, గోడౌన్లో పని అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించి ఇద్దరం ఫోన్లో ఆ సైట్ తెరిచి ఏజెంట్ పేరు కొట్టినాం. రాలేదు. ఊరి పేరుతో కొట్టినాం, కంపెనీ పేరుతో కొట్టినాం, రాలేదు. వాడు కాసేపు ఫోన్ వైపే చూసినాడు, కాపీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, 'ఇరవై వేలు అడ్వాన్స్ ఇచ్చినా మామా, అమ్మకి తెలీదు' అన్నాడు. ఆ సాయంత్రం షట్టర్ తొందరగా దించేసి వాడితో పాటు వాళ్ళింటికి పోయినా.