పెద్ద పరీక్ష రాసిచ్చారా? డబ్బు కట్టకముందే చదవండి

మా వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆవిడకి ఈమధ్య రొమ్ములో గడ్డ కనిపించింది. ఇంట్లో తెల్ల రేషన్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీకి అర్హత ఉంది. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చూసే పరీక్ష) రాశారు, దాని మీద ఐహెచ్‌సీ (ఆ ముక్కకి రంగులద్ది క్యాన్సర్ రకం తేల్చేది) అన్నారు, ఆపైన పెట్ స్కాన్ అన్నారు. కౌంటర్లో వాళ్ళు "ముందు రిపోర్టులు రానివ్వండమ్మా, రోగం తేలాక కార్డు సంగతి చూద్దాం" అన్నారట. చెల్లెలి పెళ్ళికని దాచిన డబ్బంతా కొడుకు అక్కడ కట్టేశాడు. రోగం తేలింది, కార్డు మీద అడ్మిషన్ కూడా దొరికింది. కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు కీమోకి వెళ్ళొచ్చే ఛార్జీలకి అప్పు చేస్తున్నారు.

ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూశాను, అందుకే ఇది రాస్తున్నాను. జ్వరాల కాలం కూడా మొదలవుతోంది. ఎలీసాలు, ప్లేట్‌లెట్లు, స్కాన్లు అంటూ చీటీలు చేతిలో పడే రోజులివి. ఆధార్ దగ్గర పెట్టుకోండి, పాత రిపోర్టులు తీసుకెళ్ళండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. కుటుంబాల్ని ముంచేది ఒక్క తప్పు, దాని గురించే చెప్తాను. ఆసుపత్రిలో మీ కార్డు పథకం కింద ఆన్‌లైన్లో నమోదు కాకముందే పరీక్షకి డబ్బు కట్టెయ్యడం. అదే ఆ తప్పు.

డబ్బు ఎందుకు తిరిగి రాదు

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, కేంద్రం ఆయుష్మాన్ భారత్. మూడూ నగదు రహిత పథకాలే. మనం బిల్లు కట్టి రశీదు పంపితే డబ్బు ఖాతాలో పడే బీమా పాలసీల్లాంటివి కావు. ప్రభుత్వం లెక్క చూసుకునేది ఆసుపత్రితోనే. మీరు బయట ల్యాబులో ఇచ్చిన డబ్బుకి ఆ లెక్కలో చోటే లేదు.

రెండో కారణం ఎవరూ విడమర్చి చెప్పరు, నేను చెప్తాను. ప్రతి చికిత్సకీ ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. మంచం, డాక్టరు, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ కలిపి ఆసుపత్రికి ఇచ్చేది ఆ ఒక్క మొత్తమే. అంటే ఆ చికిత్సకి కావలసిన పరీక్షల ఖర్చు అందులోంచే ఆసుపత్రి పెట్టుకోవాలి. అదే పరీక్ష మీరు బయట చేయించుకుని రిపోర్టు తెచ్చారనుకోండి, ప్యాకేజీ సొమ్ము తగ్గదు. పరీక్షకి పోవలసిన భాగం వాళ్ళకి మిగిలిపోతుంది, మీ జేబులోది పోతుంది. అందరూ కావాలనే చేస్తారని నేను అనడం లేదు. కానీ "ముందు బయట చేయించుకు రండి" అనే మాట ఎవరికి లాభమో తెలిసి వినండి.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ ఉన్న పద్ధతి ఇంకొకటి ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో (పథకంతో ఒప్పందం ఉన్నది) పథకంలో ఉన్న జబ్బు అనుమానంతో కార్డుదారు వస్తే, ఓపీ చూడడం, జబ్బు తేల్చడానికి కావలసిన పరీక్షలు చెయ్యడం ఉచితం. చివరికి ఆపరేషన్ అవసరం లేదని తేలినా సరే. "రోగం తేలాకే కార్డు" అనే మాట అక్కడే తప్పు.

అందుకే మళ్ళీ చెప్తున్నాను. ముందు ఆరోగ్యమిత్ర (పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే ఉద్యోగి), తర్వాత ల్యాబు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఓపీ కౌంటరు కంటే ముందు ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడుందో అడగండి. పేరు ఎక్కించుకోండి. చీటీ రాసిన డాక్టరుగారిని కూర్చున్న చోటే అడగండి: "ఈ పరీక్ష ఏ ప్యాకేజీ కిందకి వస్తుంది?" డాక్టరుకి తెలియకపోతే ఆరోగ్యమిత్రకి తెలుస్తుంది. ఇద్దరూ నసిగితే అక్కడి నుంచే 104కి ఫోన్ చెయ్యండి. ఆయుష్మాన్ కార్డయితే 14555.

ఇంకో అపోహ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలయింది. దాంతో పది లక్షల దాకా ఏ పరీక్షయినా ఉచితమే అనుకుంటున్నారు. కాదు. పథకం జాబితాలో ఉన్న చికిత్సకి, దానికి అవసరమైన పరీక్షలకే అది వర్తిస్తుంది. మాస్టర్ హెల్త్ చెకప్‌కీ, విటమిన్ పరీక్షలకీ రాదు. ఆయుష్మాన్‌లో కూడా ఉత్తి ఓపీ పరీక్షలకి కవరేజీ లేదు. అడ్మిషన్ అయితే, దానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల పరీక్షలూ మందులూ ప్యాకేజీలో భాగమే. ఈ పదిహేను రోజుల సంగతి గుర్తుపెట్టుకోండి. డిశ్చార్జి అయిన వారానికి రివ్యూకి రమ్మని, స్కాన్‌కి డబ్బు కట్టమంటే ఎందుకు కట్టాలో అడగండి. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకి ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది, అందులో పరీక్షలూ మందులూ వస్తాయి. డిశ్చార్జి రోజునే మీకు ఆ ప్యాకేజీ ఉందో లేదో రాయించుకోండి.

ఎక్కడా కట్టనక్కర్లేని పరీక్షలు

కార్డు లేకపోయినా సర్కారు ఉచితంగా చేసే పెద్ద పరీక్షలు కొన్ని ఉన్నాయి. తెలియక వేలు పోస్తున్నారు.

క్షయ అనుమానమైతే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు జాతీయ క్షయ కార్యక్రమంలో ఉచితం. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళకి వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది) ఆ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ద్వారా ఉచితం. హెపటైటిస్ బి, సి వైరల్ లోడ్ బయట వేలల్లో ఉంటుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమంలో ఆ పరీక్షా, మందులూ రెండూ ఉచితమే. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతాయి, మీ జిల్లాలో అది ఏ ఆసుపత్రో జిల్లా ఆసుపత్రిలో అడిగితే చెప్తారు.

డెంగీ సంగతి. ప్రైవేటు క్లినిక్‌లో పది నిమిషాల్లో చేసే కార్డు టెస్టుని ప్రభుత్వం డెంగీ నిర్ధారణగా లెక్కపెట్టదు. ల్యాబులో చేసే ఎలీసా రక్త పరీక్ష చెయ్యాలి. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ఆనవాలు వెతికేది), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారైన యాంటీబాడీలు వెతికేది). రోజు తప్పితే ఎంత ఖరీదైన పరీక్ష చేసినా తప్పుడు నెగెటివ్ రావచ్చు. ఎలీసా ఉచితంగా చేసే చోట్లు హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, గాంధీ, నారాయణగూడ ఐపీఎం, విశాఖలో కేజీహెచ్. జ్వరం ఏ రోజు మొదలైందో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి.

మామూలు పరీక్షలకి తెలంగాణలో టీ-డయాగ్నోస్టిక్స్ ఉంది. బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో రక్తం ఇస్తే శాంపిల్ జిల్లా హబ్‌కి వెళ్తుంది, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలకి ప్రైవేటు ల్యాబు వాడిని ఇంటికి పిలిపించుకునే ముందు అక్కడ అడగండి.

పిల్లల్లో అరుదైన జన్యు వ్యాధి అనుమానం ఉంటే ఆన్‌లైన్లో కనిపించిన జెనెటిక్ ల్యాబుకి డబ్బు పంపకండి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద హైదరాబాదులో సీడీఎఫ్‌డీ (కేంద్ర డీఎన్ఏ పరిశోధన సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. ముందు నిమ్స్ జెనెటిక్స్ ఓపీలో చూపించండి. అవసరం లేని ప్యానెల్ (ఎన్నో జన్యువుల్ని ఒకేసారి చూసే పరీక్ష) చేయించుకుని, అవసరమైన ఒక్క పరీక్షకి డబ్బు లేక ఏడ్చిన తల్లిదండ్రులున్నారు.

సీజీహెచ్ఎస్ పెన్షనర్లకి

సీజీహెచ్ఎస్ అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం. అందులో పెన్షనర్లు ఎక్కువగా మోసపోయేది రేట్ల దగ్గర. 2025 అక్టోబరు 13 నుంచి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. పాత పట్టిక జిరాక్సు పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్ళు దాన్ని పారేయండి. నాణ్యత గుర్తింపు (ఎన్ఏబీహెచ్, ఎన్ఏబీఎల్) లేని సంస్థకి ఆ గుర్తింపు ఉన్నదానికంటే పదిహేను శాతం తక్కువ చెల్లిస్తారు, కాబట్టి బయట కట్టి క్లెయిమ్ పెట్టేవాళ్ళు ఆ తేడా తామే భరించాల్సి వస్తుంది. జాబితాలో లేని కొత్త పరీక్ష ఏదైనా రాస్తే, చేయించుకోకముందే అనుమతి తీసుకోవాలి. చేయించుకున్నాక అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. డెబ్బై దాటినవాళ్ళకి స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళడానికి రిఫరల్ అక్కర్లేదని 2024లో ఉత్తర్వు వచ్చింది. పెద్దవాళ్ళని ఎండలో డిస్పెన్సరీ చుట్టూ తిప్పకండి.

ధర గురించి ఒక్క మాట. పథకంలో రాసిన రేటు పథకం కింద వెళ్ళినవాళ్ళకే. నగదు కట్టేవాడికి ల్యాబు చెప్పిందే ధర. కరోనా అప్పుడు చూశాం: ఆర్‌టీపీసీఆర్‌కి 2020 మార్చిలో ఐసీఎంఆర్ పెట్టిన గరిష్ఠ ధర 4,500 రూపాయలు, జూన్‌లో తెలంగాణ పెట్టింది 2,200, నవంబరుకల్లా 850. ల్యాబులు ఆ ధరకీ చేశాయి. కాబట్టి చెప్పిన మొదటి ధర విని తల ఊపకండి. రెండు చోట్ల అడగండి, రేట్ల పట్టిక చూపించమనండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు నష్టపోయాక తెలిసినదే.

కార్డులో కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు ఈ వారమే ఎక్కించండి. జ్వరం వచ్చాక మీసేవకి పరుగెత్తి లాభం లేదు.

రిపోర్టు మీద పేరు, వయసు ఆధార్లో ఉన్నట్టే ఉండాలి. ల్యాబు కుర్రాడు "లక్ష్మి" అని కొట్టేస్తాడు, కార్డులో "వెంకటలక్ష్మి" ఉంటుంది. అప్రూవల్ అక్కడ ఆగిపోతుంది. శాంపిల్ ఇచ్చేటప్పుడే సరిచూడండి.

బయాప్సీ ముక్క మీ చేతికిచ్చి బయట ల్యాబుకి పంపిస్తే, డబ్బాలో ఉన్నది ఫార్మలినేనా (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) అని అడగండి. సెలైన్లో వేసి గంటల తరబడి ఎండలో తిప్పితే ముక్క పాడవుతుంది, మళ్ళీ సూది పొడవాలి. క్షయ అనుమానం కూడా ఉంటే ఇంకో ముక్క సెలైన్లో విడిగా కావాలి. ఫార్మలిన్లో వేసినది కల్చర్‌కి (క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) పనికిరాదు.

బయాప్సీ అయ్యాక రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. మైనపు బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా ముందు అడిగేది అవే. ఉంటే మళ్ళీ కోత తప్పుతుంది, ఐహెచ్‌సీ దాని మీదే చేస్తారు.

రొమ్ము క్యాన్సర్లో హెర్2 (ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తు) రిపోర్టులో రెండు ప్లస్ వస్తే ఇంకా తేలలేదని అర్థం, దాన్ని తేల్చడానికి ఫిష్ పరీక్ష అంటారు. అది పెద్ద ఖర్చు. డాక్టరు రాయగానే బయటికి పరుగెత్తకండి, ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళండి. వెళ్ళి అడగండి. మళ్ళీ చెప్తున్నాను, అడగకుండా కట్టకండి.

"అప్రూవల్ వచ్చాక రిఫండ్ ఇస్తాం" అంటే ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. రాయనంటే కట్టకండి.

తెల్లకాగితం చీటీ మీద డబ్బు కట్టకండి. రోగి పేరు, తేదీ, పరీక్ష పేరు, బిల్లు నంబరు ఉండాలి. అవి లేకపోతే ఫిర్యాదు చేసినా నిలబడదు.

ల్యాబు కుర్రాడి సొంత నంబరుకి ఫోన్‌పే చెయ్యకండి.

ఫలానా ల్యాబులోనే చేయించాలని బలవంతపెడితే ఒప్పుకోకండి. పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రంలో ఉంది.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. "ఉచిత సేవలు అందాయి, డబ్బు తీసుకోలేదు" అనే కాగితం డిశ్చార్జి రోజు సంతకానికి తెస్తారు. కట్టి ఉంటే ఎంత కట్టారో దాని మీదే రాసి సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే అక్కడే నిలబడి 104కి చెయ్యండి.

మీ కార్డు వేరేవాళ్ళకి ఇవ్వకండి. చుట్టమైనా సరే.

అర్ధరాత్రి ఎమర్జెన్సీలో "ఇప్పుడు అప్రూవల్ రాదు, సీటీకి డబ్బు కట్టండి" అంటారు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలు పథకంలో ఉంది. డ్యూటీ డాక్టర్ని ఆ ఫోన్ చెయ్యమనండి. రోగిని స్కానింగ్‌కి తీసుకెళ్ళనివ్వండి, దాన్ని మాత్రం ఆపకండి. ఆ సమయంలో ఇంట్లోవాళ్ళలో ఒకరు కార్డు పట్టుకుని ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరే ఉండాలి. బల్ల దగ్గర ఎవరూ లేకపోతే ఎన్ని గంటలకి వచ్చారో, ఎవరితో మాట్లాడారో రాసుకుని 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.