విశాఖ మేడల మీద మందారం: మొగ్గ రాలకుండా పూయించడం

విశాఖలో మందారం బతకడం పెద్ద కష్టం కాదు. పాత వీధుల్లో ప్రహరీ పక్కన ఎవరూ పట్టించుకోని నాటు మందారం కూడా ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది. కష్టమల్లా దాన్ని కుండీలో పెట్టి డాబా మీదకో, ఫ్లాట్ బాల్కనీలోకో తెచ్చుకున్నప్పుడు మొదలవుతుంది. ఆకులు నవనవలాడుతుంటాయి, మొగ్గలు బాగానే వేస్తుంది, తీరా రేపు విచ్చుకుంటుందనగా మొగ్గ పసుపు తిరిగి రాలిపోతుంది. వెంటనే ఇంకో గుప్పెడు ఎరువు వేసేస్తాం. అక్కడే చాలా మొక్కలు పాడవుతాయి. ఈ ఊళ్ళో కుండీ మందారానికి ఎరువు కంటే ముందు చూడాల్సినవి మూడు: నీళ్ళలో ఉప్పు, వేళ్ళకు గాలి, ఆకులకు ఎండ.

మొక్క, చోటు

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, రుషికొండ లాంటి చోట్ల సముద్రం కనిపించే బాల్కనీ అయితే నాటు ఎర్ర మందారమే పెట్టుకోండి. ఒంటిరేకది గానీ ముద్దమందారం గానీ ఉప్పుగాలికి కొంత తట్టుకుంటుంది. పెద్ద పెద్ద పువ్వుల రంగురంగుల హైబ్రిడ్లు ఆ గాలికి ఆకు అంచులు మాడి, మొగ్గలోనే ముడుచుకుపోతాయి. అవి కావాలంటే సముద్రం వైపు కాకుండా గోడ చాటున, ఎండ మాత్రం తగిలే చోట ఉంచాలి. మధురవాడ లోపలి కాలనీలు, సింహాచలం, పెందుర్తి వైపు ఈ బెడద తక్కువ.

ఎండ రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా పడాలి. అంతకంటే తక్కువైతే మొక్క ఏపుగా ఎదుగుతుంది గానీ పూత రాదు. ఉత్తరం బాల్కనీలో ఎండే రాకపోతే మందారం ఆశ వదులుకుని వేరే మొక్క చూసుకోవడం మంచిది.

నగరంలో అమ్మే మొక్కల్లో చాలా వరకు కడియం నర్సరీల నుంచి వస్తాయి. కొనేటప్పుడు మొదలు చూడండి. నేలకు కొద్దిగా పైన కాండం మీద ముడిలాంటి గుర్తు ఉంటే అది అంటు కట్టిన మొక్క. ఆ ముడి ఎప్పుడూ మట్టి పైనే ఉండాలి. దాని కిందినుంచి వచ్చే చిగుళ్ళు నాటు మొక్కవి. వాటిని వదిలేస్తే ఏడాది తిరిగేసరికి పైన కట్టిన రంగు పోయి ఎర్ర మందారం ఒక్కటే మిగులుతుంది. కనిపించినప్పుడల్లా మొదలంటా తీసేయాలి. తెచ్చిన రోజే కుండీ మార్చవద్దు. వారం రోజులు నీడపట్టున ఉంచి అలవాటు పడనివ్వండి. కొన్ని మొక్కల వేళ్ళ చుట్టూ జిగురు మట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతితే చుట్టూ మట్టి తడిగా ఉన్నా ముద్ద లోపలికి నీళ్ళు దిగవు. బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి, బయటి అంగుళం మట్టిని చేతివేళ్ళతో మెల్లగా వదులు చేసి అప్పుడు నాటండి.

కుండీ, మట్టి

మొదట 12 అంగుళాల కుండీ చాలు. రెండేళ్ళకు 16 అంగుళాల దానికి మార్చాలి. ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేళ్ళు అందుకోని మట్టి వానాకాలమంతా తడిసి ముద్దై వేరుకుళ్ళు తెస్తుంది. అడుగున వేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి. కుండీని నేరుగా శ్లాబు మీద పెట్టకుండా మూడు ఇటుక ముక్కల మీద ఎత్తండి: నీళ్ళు పోతాయి, వేసవిలో శ్లాబు వేడి వేళ్ళకు తగలదు.

మట్టి మిశ్రమం పది పాళ్ళ లెక్కన: ఎర్రమట్టి నాలుగు, వర్మీకంపోస్ట్ గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ మూడు, కొబ్బరి పొట్టు రెండు, గరుకు ఇసుక ఒకటి. 12 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ళ వేపపిండి కలపండి. ఇళ్ళ పునాదుల్లో నింపే గ్రావెల్‌ని ఎర్రమట్టి అనుకుని తేవద్దు. అందులో సారం ఉండదు, రెండు తడులకే రాయిలా బిగుస్తుంది. ఇసుక కూడా ఏటి ఇసుకే వాడాలి, బీచ్ ఇసుక వేస్తే కుండీలోకి ఉప్పు చేజేతులా తెచ్చుకున్నట్టే. భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు భౌగోళిక వారసత్వ స్థలం, అక్కడి మట్టి ముట్టుకోకూడదు. కొబ్బరి పొట్టును కూడా వాడే ముందు రెండు మూడుసార్లు మంచినీళ్ళలో కడిగి పిండండి. దాంట్లోనూ ఉప్పు ఉంటుంది.

నీళ్ళు

తీరానికి దగ్గరగా ఉన్న అపార్టుమెంట్లలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వేసవిలో ఇంకా ముదురుతాయి. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి. 500 లోపు చూపిస్తే దిగుల్లేదు. 1000 దాటిన నీళ్ళు కుండీకి పోయకండి. మధ్యలో ఉంటే కుళాయి నీళ్ళు కలపండి. ఏసీ పైపులోంచి వచ్చే నీళ్ళు బోరు నీళ్ళలో సగానికి సగం కలిపితే ఉప్పు బాగా తగ్గుతుంది. వాననీళ్ళు పట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దు. ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఉప్పు పేరుకున్న కుండీని చూడగానే గుర్తుపట్టవచ్చు. మట్టి అంచున, రంధ్రాల దగ్గర తెల్లటి పొర కడుతుంది. ముదురు ఆకులు కొసలనుంచి గోధుమ రంగుకు మాడుతూ లోపలికి వస్తాయి. పైన ఒక అంగుళం మట్టి గీకి పారేయండి. తర్వాత మంచినీళ్ళు రెండు బకెట్లు, అంటే 30 లీటర్లదాకా, గంటలో మూడు నాలుగు విడతలుగా మెల్లగా పోసి అడుగునుంచి పూర్తిగా పోనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో నెలకోసారి ఇలా కడిగితే వానల వరకు మొక్క కుదురుగా ఉంటుంది. కింద పళ్ళెం పెట్టి ఉంటే అందులో నిలిచిన నీళ్ళు పారబోయాలి, లేకపోతే ఆ ఉప్పునే మళ్ళీ పీల్చుకుంటుంది.

ఎండాకాలంలో రోజూ పొద్దున్నే కుండీ అడుగునుంచి కారేదాకా పోయాలి. సాయంత్రం ఆకులు వాలి, మట్టి పొడిగా ఉంటే మళ్ళీ పోయాలి. ఆకులు వాలినా మట్టి తడిగానే ఉందంటే అది దాహం కాదు. వేళ్ళు ఉడుకుతున్నాయి లేదా కుళ్ళుతున్నాయి, నీళ్ళు ఆపి నీడకు జరపండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వేలు రెండు అంగుళాలు దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి.

మొగ్గ ఎందుకు రాలుతోంది

రాలిన మొగ్గను ఊడ్చేయకుండా చేతిలోకి తీసుకుని గోటితో నిలువుగా చీల్చండి. లోపల రేకులు శుభ్రంగా ఉంటే తప్పు నీళ్ళదో ఎండదో: ఒక రోజు పూర్తిగా ఎండబెట్టి మర్నాడు ముంచెత్తడం, కుండీ చోటు మార్చడం, నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోవడం. తడి ఒక పద్ధతిలో పెడితే రెండు వారాల్లో సర్దుకుంటుంది.

రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, గీరినట్టు చారలుంటే తామర పురుగులు. తెల్ల కాగితం మీద మొగ్గను తట్టి చూడండి, సన్నని పసుపు గీతల్లాంటివి పాకుతాయి. మొగ్గ అడుగున మీగడ రంగు సన్న పురుగులు మెలికలు తిరుగుతూ, గెంతుతూ కనిపిస్తే అది మొగ్గ ఈగ. దానికి పైపై మందులు పెద్దగా పనిచేయవు, పురుగు మొగ్గ లోపల ఉంటుంది కాబట్టి. పసుపు తిరిగిన మొగ్గలన్నీ చెట్టు మీదవీ కిందవీ రోజూ ఏరి, కవర్లో ముడివేసి చెత్తలో వేయండి. కంపోస్టులో వేయకూడదు. రాలిన మొగ్గలోంచి పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశ గడిపి మళ్ళీ ఈగగా లేస్తుంది. మూడు నాలుగు వారాలు ఒక్క మొగ్గనూ నేల మీద ఉండనీయకపోతే తగ్గుతుంది.

ఎరువు

మందారానికి పొటాష్ ఎక్కువ, నత్రజని ఓ మోస్తరు, భాస్వరం తక్కువ కావాలి. పూల మొక్క అని డీఏపీ, ఎముకల పొడి గుప్పించడం దీనికి చెరుపు. భాస్వరం ఎక్కువైతే ఇనుము అందక కొత్త ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అప్పుడు లీటరుకు అర గ్రాము చిలేటెడ్ ఐరన్ కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. అదే పసుపు ముదురు ఆకుల్లో వస్తే మెగ్నీషియం లోపం, లీటరుకు రెండు గ్రాముల ఎప్సమ్ సాల్ట్ చాలు.

నెలకోసారి కుండీకి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్ట్, ఒక గుప్పెడు వేపపిండి. పదిహేను రోజులకోసారి 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు రెండు గ్రాములు, తడి మట్టి మీదే పోయాలి. రసాయనాలు వద్దనుకుంటే 100 గ్రాముల వేరుశనగ చెక్క లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్ళు కలిపి కుండీకి అర లీటరు పోయండి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చవకే గానీ అందులో క్లోరైడ్ ఉంటుంది, మన నీళ్ళకు అది తోడైతే ఆకులు ఇంకా మాడతాయి. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. టీ పొడి వేసేవాళ్ళు పంచదార పోయేదాకా కడిగి వేయాలి, లేకపోతే చీమలు చేరతాయి, వాటి వెంట పిండినల్లి అనే తెల్ల పురుగు.

కత్తిరింపు, పండగల లెక్క

మందారం కొత్త కొమ్మకే పూస్తుంది. ఏటా జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలోగా మూడో వంతు ఎత్తు తగ్గించండి. బయటి వైపు చూసే కణుపుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయాలి, కత్తెర డెట్టాల్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచాకే. రోజూ పూజకు పువ్వు ఆగకూడదనుకునే ఇళ్ళలో ఒకేసారి అంతా కోయకండి: ఇవాళ సగం కొమ్మలు, నెలన్నర తర్వాత మిగతా సగం.

కోసిన కొమ్మ మళ్ళీ పూతకు రావడానికి నాటు రకాలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, హైబ్రిడ్లకు పది పన్నెండు వారాలు పడుతుంది. ఆ లెక్కన దసరాకు పువ్వులు నిండుగా కావాలంటే నాటు మందారం కొసలు జూలై నెలాఖర్లో తుంచాలి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర మాసానికి అయితే సెప్టెంబరు నెలాఖరు సరైన సమయం. తుపానుల నెలకు ముందు మొక్క పొట్టిగా ఉండటం కూడా మంచిదే.

పిండినల్లి

చిగుళ్ళు గుబురుగా ముడుచుకుని, సందుల్లో దూది పింజల్లా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. ముడుచుకున్న కొసలు తిరిగి విచ్చుకోవు, కోసి కవర్లో కట్టేయండి. మిగతా మొక్కను పైపు నీళ్ళతో గట్టిగా కొట్టి కడగండి. సాయంత్రం లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. గుడ్ల సంచి మీద మైనం ఉండి మందు అంటదు కనుక ఒక్కసారితో పోదు. ఐదారు రోజుల తేడాతో నాలుగుసార్లు కొట్టాలి. చీమలే వీటిని ఒక కొమ్మనుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి, కుండీ స్టాండు కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచితే దారి మూసుకుంటుంది. పిండినల్లి మధ్యే ఇంకాస్త పెద్దగా, తెల్లటి పోగులతో, చురుగ్గా పరిగెత్తేది కనిపిస్తే చంపకండి. అది అక్షింతల పురుగు జాతి పిల్ల, పిండినల్లిని తినేది. అది ఉన్న కొమ్మకు మందు కొట్టవద్దు.

కొమ్మలతో కొత్త మొక్కలు

నాటు రకాలకే ఇది సులువు. జూలై, ఆగస్టుల్లో పెన్సిల్ లావు కొమ్మను ఆరు అంగుళాలు కోసి, పైన రెండు ఆకులు మాత్రం సగానికి కత్తిరించి ఉంచి, ఇసుక, కొబ్బరి పొట్టు సమానంగా కలిపిన కవర్లో రెండు కణుపులు లోపలికి దిగేలా గుచ్చండి. మన తేమలో పైన పాలిథిన్ కప్పితే కుళ్ళుతుంది, నీడ చాలు. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. మధ్యలో లాగి చూడవద్దు.

తుపాను వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. అలాంటి హెచ్చరిక రాగానే కుండీలను డాబా మీదినుంచి దించండి, కుదరకపోతే పిట్టగోడ మూలన ఒకదానికొకటి ఆనించి పడుకోబెట్టండి. పిట్టగోడ మీద మాత్రం ఒక్కటీ ఉంచకూడదు, కింద మనుషులు తిరుగుతారు. గాలి ఆగిన రోజే ఆకులన్నీ మంచినీళ్ళతో కడగాలి, తర్వాత కుండీలో ఇందాక చెప్పినట్టు రెండు బకెట్ల నీళ్ళు దించాలి. ఆకులు నల్లగా మాడి రాలినా మొక్క పోయిందనుకోకండి. కొమ్మ మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉందంటే బతికే ఉంది. ఎండిన భాగం వరకే కోయండి, నాలుగాకులు చిగురించే దాకా ఎరువు వేయకండి.