పాత రైలు ఫొటో ఏ కాలానిదో బోగీ రంగును బట్టి పట్టడం ఎలా?

వరంగల్ స్టేషన్‌లోనో కాజీపేట జంక్షన్‌లోనో దిగిన పాత ఫొటో, వెనక తేదీ లేకపోయినా, కాలం చెప్పగలదు. కాకపోతే రంగు గట్టిగా చెప్పేది ‘ఫలానా ఏడాదికి ముందుది కాదు’ అనే మాటే. బోగీ ఓవర్‌హాల్‌కు (పూర్తి మరమ్మతుకు) వర్క్‌షాప్‌కు వెళ్లినప్పుడే సాధారణంగా కొత్త రంగు పడుతుంది. అందుకే పాత, కొత్త రంగుల బోగీలు ఒకే రైల్లో ఏళ్ల తరబడి కలిసి తిరిగాయి.

ముందు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. స్టేషన్ పేరు బోర్డు పసుపు మీద నల్లక్షరాలతో ఉంటుంది. ఆ పసుపు నారింజలా కనిపిస్తే ప్రింటు ఎర్రబారిందని అర్థం. బోర్డు పసుపుకు వచ్చేదాకా సరిచేశాకే బోగీని చూడండి.

మామూలు ఎక్స్‌ప్రెస్ బోగీ అంతా ఒకే ముదురు ఇటుక ఎరుపైతే ఎక్కువగా 1990లు, అంతకు ముందుది. ముదురు నీలం మీద కిటికీల వరుసలో లేత నీలం పట్టీ ఉంటే 1990లు, ఆ తర్వాతిది. లేత గోధుమ, బ్రౌన్ కలిస్తే 2018కి ముందుది కాదు. వరంగల్‌లో ఆగి ఉన్న తెలుపు-నీలం వందేభారత్ అయితే, సికింద్రాబాద్–విశాఖ రైలు మొదలైన 2023 జనవరి 15 నుంచే లెక్క. నారింజ రంగుది ఆ ఏడాది సెప్టెంబరు తర్వాతిదే. రాజధాని, శతాబ్దిలకు మొదటి నుంచీ రంగులు వేరు, వాటికి ఈ లెక్క వాడొద్దు.

నలుపు-తెలుపు ఫొటోలో ఎరుపు, నీలం రెండూ బూడిద రంగే. అక్కడ కిటికీల దగ్గర లేత పట్టీ ఉందా లేదా అన్నదే ఆధారం.

అసలు సాక్ష్యం బోగీ చివరన ఉంటుంది, అక్కడే ఎక్కువసేపు ఆగండి. ముడతలు ముడతలుగా లావుపాటి గొట్టం ఒక్కటే వేలాడుతుంటే వాక్యూమ్ బ్రేకు, అంటే శూన్యంతో పనిచేసే పాత పద్ధతి. సన్నటి గొట్టాలు రెండుంటే ఎయిర్ బ్రేకు, అంటే గాలి ఒత్తిడితో పనిచేసే కొత్త పద్ధతి. నీలం రంగు ఎయిర్ బ్రేకు బోగీలతోనే వచ్చింది కాబట్టి గొట్టాలు, రంగు ఒకదానికొకటి సరిపోవాలి. రెండు పక్కలా గుండ్రటి బఫర్లుంటే (బోగీలు తగిలినప్పుడు దెబ్బ తట్టుకునేవి) ఐసీఎఫ్ బోగీ, అంటే చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత నమూనా. అవి లేకుండా మధ్యలో కప్లర్ (బోగీలను కలిపే కొక్కెం) ఒక్కటే ఉంటే ఎల్‌హెచ్‌బీ అనే జర్మనీ నమూనా బోగీ అనుకోవచ్చు. ఎల్‌హెచ్‌బీ బోగీలు మన దేశానికి వచ్చిందే 2000లో.

ఇంజిన్ రంగుతో మాత్రం తొందరపడొద్దు. ఒకే మోడల్‌కు ఒక్కో షెడ్ (ఇంజిన్లను ఉంచి, బాగుచేసే చోటు) ఒక్కో రంగు వేసేది. రంగు కన్నా ముందు పక్కన రాసిన మోడల్, షెడ్ పేరు చదవండి: డబ్ల్యూడీఎం-2 (డీజిల్ ఇంజిన్) అయితే 1962 తర్వాత, డబ్ల్యూఏపీ-7 (కరెంటు ఇంజిన్) అయితే 2000 తర్వాత.

చివరగా తల పైకెత్తి చూడండి. వరంగల్ మీదుగా కరెంటు తీగలు 1980ల చివర్లో పడ్డాయి. ఫొటోలో తీగలుండి, బోగీలన్నీ ఎర్రగా, లావు గొట్టంతో ఉంటే 1980ల చివరికీ 1990లకూ మధ్య ఎక్కడో తీసినదని పెన్సిల్‌తో వెనక రాసుకోవచ్చు.